ప్లేడే నాటి శొంఠిపట్టు

నిన్న నాకు తల పగిలిపోతుంటే, ఫార్మసీ చదివే మా అమ్మాయి ఫోనులో వెతికి తీర్పు చెప్పింది: నుదుటికి రాసే పుదీనా నూనెకు కొంత ఆధారం ఉందట, అల్లం పొడి పార్శ్వపు నొప్పికి కాస్త పనికిరావచ్చట, పట్టీ బిగించినట్టుండే ఇలాంటి తలనొప్పికి శొంఠిపట్టును మాత్రం ఎవరూ సరిగా పరీక్షించలేదట. మా అమ్మ ఎవరి లెక్కలోకీ రాలేదు కాబోలు.

గోదావరిఖని క్వార్టర్‌లో మా బాపమ్మ, అంటే బాపు అని మేం పిలిచే నాన్నకు తల్లి, శొంఠికొమ్మును సానరాయి మీద అరగదీస్తే ఆ ఘాటుకు పక్క లైను క్వార్టర్ల గోడల మీది బల్లులు కూడా తుమ్మేవి. బొగ్గుబాయిలో, అదే గనిలో, పనిచేసే బాపుకు, పైకొచ్చి టోపీ తీసినా దాని బిగింపు నుదుటిని వదిలేది కాదు. డ్యూటీ దిగి తిని పడుకోవడానికే ఓపిక చాలదు గనుక, ప్లేడే అని మేం పిలుచుకునే వారపు సెలవునాడే తీరిగ్గా పట్టు వేయించుకునేవాడు; మధ్యాహ్నం మాంసం కూర ఉడికేసరికి నొప్పి మాయం, బాపమ్మ కీర్తి మందమర్రి దాకా.

అమ్మకు మాత్రం అనుమానం. "ఒక్క ప్లేడే నాడు ఏం రాయకున్రి, డ్యూటీ ఉన్ననాడు రాయున్రి. ఏమైతదో సూద్దాం" అంది.

"నా చేతి మందుకే పరీక్ష పెడ్తవా కోడలా? రేపు నా సావుకు గూడ సాక్ష్యం అడుగుతవు" అన్న బాపమ్మ, ఆ వారమంతా గిన్నెలతోనే మాట్లాడింది.

పరీక్ష జరిగింది. ఉత్త నుదుటితో పడుకున్న ప్లేడే నాడు నొప్పి దానంతటదే పోయింది. డ్యూటీ దిగిన సాయంత్రాల్లో గోడకు సున్నం కొట్టినట్టు పూసినా కదల్లేదు.

"గదంత బాయి నొప్పి. దవాఖానల చెప్పి, పైన డ్యూటీ అడుగున్రి" అంది అమ్మ.

పైన డ్యూటీ అంటే జీతం తగ్గుతుంది, బొగ్గు కొట్టినోడు ఫైళ్లు మోస్తున్నడని వాడంతా నవ్వుతుంది. బాపు లేచి, సానరాయి కడిగి బాపమ్మ ముందు పెట్టాడు. "పట్టు రాయి అవ్వా. నీ చేతిదే పన్జేస్తది."

రిటైరయ్యేదాకా ఆయన కిందికే దిగాడు. తర్వాత ఆ నొప్పి ఒక్కనాడూ రాలేదు. అమ్మ చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు కూడా, అమ్మ సంవత్సరీకం నాడు, వంటవాళ్ల ముందు.

ఇప్పుడా లోపలి బాయిలు చాలావరకు మూతపడ్డాయి, మా క్వార్టర్ల లైను పిచ్చిచెట్ల పాలైంది. మా అమ్మాయి రుజువు చూపిస్తే ఇల్లంతా ఆగి వింటుంది. అమ్మ రుజువు చూపించిన నాడు ఇల్లంతా అన్నానికి కూర్చుంది, వడ్డించింది అమ్మే.