పొగగూటి మీద నాపరాయి

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక నాపరాయి. చంకలో పెట్టుకొని మేడెక్కేంత చిన్నది. నోరున్నదాన్నని, ఎవరితోనైనా వాదించి గెలుస్తానని ధర్మవరంలో నాకు పేరు. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆ నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మా ఇంటి వెనక పట్టు ఉడకబెట్టి రంగు వేసే కొట్టం ఉండేది. ఖాసిం ఆ పని చేసేవాడు. కట్టెల పొయ్యి, దాని మీద మేడ దాకా లేచిన ఇటుకల పొగగూడు. కట్టెలతో వేగలేక గ్యాసు పొయ్యి పెట్టించాం. హిందూపురం నుంచి వచ్చిన ఫిట్టరు పొయ్యి మీది రేకు గొట్టాన్ని ఆ పాత పొగగూట్లోకే కలిపాడు. లోపల పైదాకా స్టీలు గొట్టం దించుకుంటే మంచిదన్నాడు.

"పొగే లేని గ్యాసుకు అంత సింగారమెందుకప్పా?" అన్నాను.

మొదటి వానకే పాత మసి కరిగి, ఉడికిన తెల్ల పట్టు మీద నల్లగా కారింది. నేనే మేడెక్కి పొగగూటి నోటిని నాపరాయితో మూశాను. ఖాసింకు చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. గాలి చాలనిచోట మంట ఎలాంటి విషవాయువు పుట్టిస్తుందో, దానికి వాసన కూడా ఉండదని, పరీక్షలో రాసినదాన్ని. మరిచిపోయానా? పాడైన పట్టు కళ్ల ముందుంటే, గుర్తు రాకుంటేనే మేలనుకున్నానా?

కొన్నాళ్లకు అతను కొట్టం గడప మీద తల పట్టుకొని కూర్చున్నాడు.

"అక్కా, లోపలికి పోతే చాలు, తల దిమ్మెక్కుతాండాది."

"నిన్న తాగింది ఇంకా దిగలేదేమో చూసుకో అబ్బా."

"అల్లా తోడక్కా, మానేసినా. కావాలంటే మా రమీజానే అడుగు."

"తాగేటోళ్లంతా మానేసినోళ్లేలే!"

కండెలు చుట్టే ఆడవాళ్లు పకపకా నవ్వారు. అతనూ నవ్వి లోపలికి పోయాడు.

ముసురు పట్టిన ఒక రోజు, గాలికి మంట ఆరిపోతోందని తలుపు, కిటికీలు వేసుకొని పనిలో దిగాడు. మధ్యాహ్నం టీ తీసుకుపోయి తలుపు తోశాను. పొయ్యి పక్కన పడి ఉన్నాడు. లోపల కాసేపటికే నాకూ తల తిరిగింది. అప్పుడే తెలిసిపోయింది. అరిచాను. జనం వచ్చి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను వెంట పోలేదు. మేడెక్కి ఆ రాయి తీసి పెరట్లోకి గిరాటేశాను. ప్రాణం పోయిందని కబురొచ్చేసరికి పొగగూడు ఆకాశానికి నోరు తెరుచుకొని ఉంది.

తాగి పడిపోయాడని ఊరంతా అంది. నా మాటే, నా దగ్గరికే తిరిగొచ్చింది. శవాన్ని కోయించొద్దని, పొద్దు గుంకకముందే మట్టి చేయాలని వాళ్లవాళ్లు పట్టుబట్టారు. అతని భార్య రమీజా నన్ను పక్కకు పిలిచి, "ముందుగా చూసింది నువ్వే కదక్కా, తాగిన వాసన వచ్చెనా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. దాన్ని ఆమె అవుననే అనుకుంది. అనుకోవాలనే దించానా? అవును, అనుకోవాలనే.

కొట్టం అమ్మేసి మేము పెనుకొండ వచ్చేశాం. రమీజా ముదిగుబ్బలో పుట్టింట ఉంది. తాగనని తనకిచ్చిన మాట తప్పి చచ్చాడని, పోయినవాళ్ల కోసం ఫాతెహా చదివించేటప్పుడు కూడా అతని పేరు నోరారా పలకదట. ధర్మవరం పోయినప్పుడల్లా ముదిగుబ్బ బస్సు దగ్గర నిలబడతాను. ఎక్కను. జైలంటే భయమా? కాదు. నిజం విన్నాక ఆమె నన్ను తిట్టడం కూడా మరిచి, ఇన్నేళ్లూ అతన్ని నమ్మనందుకు ఏడుస్తుందేమోనని.

కనీసం ఇక్కడ రాస్తున్నాను. ఖాసిం తాగలేదు. పొగగూడు మూసింది నేను.

రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఖాసింకు నేను ఆడనివ్వనిది అదే.