మొగ్గ కుట్టు

గోదాములో ఆమెను అందరూ మొగ్గక్క అనేవారు. దర్జీ దుకాణాల నుంచి మూటలుగా వచ్చే పీలికలతో ఏనుగులూ కుందేళ్ళూ కుట్టడం అక్కడి ఆడవాళ్ళ పని. అంతా యుద్ధం తరిమితే ఊళ్ళొదిలి వచ్చినవాళ్ళే. మిగతావాళ్ళు బొమ్మలకు కళ్ళుగా గుండీలు పెడితే, ఈమె దారాన్ని సూదికి చుట్టి, ముడి బిగించి, విచ్చీ విచ్చని మొగ్గలా కన్ను కుట్టేది. అది వాళ్ళ ఊరి కుట్టు. ఆ ఊళ్ళో ఇప్పుడు ఇళ్ళు లేవు.

ఇంట్లో మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేని అత్త ఉంది. "కుక్కకి కళ్ళు పెట్టమంటే మీ మావయ్య చూపు పెట్టావేంటే? ఇది నన్నే కసురుతోంది" అనేది ముసలామె, కోడలు ఇంటికి తెచ్చిన బొమ్మను చూసి. కొడుకు పోయాక అత్తాకోడళ్ళకు మిగిలింది ఆ కాస్త నవ్వే.

ఒక ఉదయం పని చూసే టైలరమ్మ సంబరంగా వచ్చింది. సంతలో ఎవరో పెద్దమనిషి ఏనుగు బొమ్మ కొన్నాడట. కన్ను చూసి ముచ్చటపడి, కుట్టినామె ఎవరు, ఎక్కడుంటుంది, ఒక్కతేనా అని అడిగాడట. గోదాముకు రమ్మని చెప్పిందట ఈవిడ.

"మనిషెలా ఉంటాడు?"

"మర్యాదస్తుడే. ఎడమ చెవి తమ్మె లేదు, పాపం."

మొగ్గక్కకు మనిషెవరో తెలిసిపోయింది. వాళ్ళ ఊరి కిరాణా కొట్టతను. తుపాకులవాళ్ళు వచ్చిన రోజు ఏ ఇంట్లో మగవాళ్ళు దాక్కున్నారో వేలెత్తి చూపించింది అతనే. ఆమె పిట్టగోడ చాటునుంచి చూసింది. తను చూసిన సంగతి అతనికీ తెలుసని ఇప్పుడే అర్థమైంది.

మొగ్గక్క ఆ సంగతంతా చెబితే, రమ్మన్నది నేనేనంటూ టైలరమ్మ నెత్తి కొట్టుకుంది. పక్కనున్నవాళ్ళు మాత్రం గుండీలు పక్కన పెట్టి, ఆ కుట్టు తమకూ నేర్పమన్నారు. వంకరో టింకరో, సాయంత్రానికి బల్ల మీద ప్రతి బొమ్మకూ మొగ్గ కళ్ళే.

ఆ వారంలోనే అతను వచ్చాడు. బొమ్మలు తిప్పి తిప్పి చూసి, ఇవి ఎవరు కుట్టారని అడిగాడు. అందరూ కుడతారండీ, అంది టైలరమ్మ. అతను వరసల మధ్య తీరిగ్గా నడిచాడు. ఒక్కరూ తలెత్తలేదు. తలుపు దగ్గర ఆగి, ఎవరివైపూ చూడకుండా, తమ ఊరి భాషలో అన్నాడు.

"అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

ఆ మాట అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు. మొగ్గక్కకు మాత్రం అది బెదిరింపని తెలిసింది. అత్త ఇంట్లో ఒంటరిగా ఉంది. ఇక దాక్కుని లాభం లేదని లేచి నిలబడి, అందరికీ తెలిసేలా అక్కడి భాషలోనే అంది.

"మా ఆయన్ని పట్టించింది నువ్వే. నేను చూశాను."

ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే లేచారు. అతను చిన్నగా నవ్వాడు. "పొరబడ్డావమ్మా. నేనూ నీలాగే అన్నీ పోగొట్టుకుని వచ్చినవాణ్ణి."

అతను అలా నవ్వుతూనే వెళ్ళిపోయాక, టైలరమ్మ పిలిపించిన పోలీసులు మొగ్గక్క చెప్పిందంతా విన్నారు. వాళ్ళు వెళ్ళేసరికి అతని గది ఖాళీ. టైలరమ్మ ఆ రోజే అత్తను మోయించుకొచ్చి, గోదాము పైనున్న గదిలో ఇద్దరికీ చోటిచ్చింది.

"వాడు మళ్ళీ వస్తాడంటావా?" అంది అత్త.

కోడలు అబద్ధం చెప్పలేకపోయింది. కిటికీ గడియ ఇంకోసారి చూసి రమ్మంది ముసలామె. ఇప్పుడే చూశానంటూనే లేచి వెళ్ళిందామె.