శౌరమ్మ మొక్కు తీరిన విధం

దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని మా బిల్డింగులో శౌరమ్మ జడ తెలియని మనిషి లేడు. మోకాళ్ళు దాటే జడ. ఆవిడ పనిచేసేది ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా. అక్కడ వెంట్రుక బయటికి కనపడకూడదు కాబట్టి, ఆవిడ తలకి ఒక టోపీ సరిపోక రెండు పెట్టుకునేది. కాస్త కత్తిరించుకోవచ్చు కదా అని నేనోసారి నోరు జారాను.

"మా అమ్మ నాకిచ్చిన ఆస్తి ఇదొక్కటే వదినా. నా ఊపిరి ఉండగా దీని మీద కత్తెర పడదు," అంది. గుంటూరు మనిషి. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

మావి ఎదురెదురు ఫ్లాట్లు. మేం వెంకన్న భక్తులం, వాళ్ళు కథోలిక్కులు. నా వడియాలు ఆవిడ బాల్కనీలో ఎండుతాయి, ఆవిడ క్రిస్మస్ అరిసెలు మా డబ్బాల్లో ఉంటాయి. మా ఇద్దరికీ బాగా తెలిసిన విషయం ఇంకొకటి ఉంది, మొక్కు. మాకు తిరుపతి ఎలాగో వాళ్ళకి బెజవాడ గుణదల కొండ అలాగ. అక్కడ మేరీమాతకు తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలూ కొడతారు.

శౌరమ్మ మొక్కు మాత్రం మామూలుది కాదు. కూతురు పసిగుడ్డుగా ఉన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పుడు ఈవిడ ఆసుపత్రి వరండాలో మోకాళ్ళ మీద కూలబడి, "తల్లీ, బిడ్డని బతికించు, నీకే ఇచ్చేస్తాను, మఠంలో సిస్టర్ని చేస్తాను," అని మొక్కేసింది. పిల్ల బతికింది. అర్పిత అని పేరు పెట్టారు. తర్వాత దోహా వచ్చారు. అర్పిత ఇక్కడే పెరిగి ఇంజనీరింగ్ చదివింది. సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఉద్యోగం కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే శౌరమ్మ గుంటూరు సిస్టర్లతో మాట్లాడి, జూన్‌లో పిల్లని మఠానికి పంపిస్తానని చెప్పేసింది.

"నాకు దేవుడంటే ప్రేమేనమ్మా, కానీ నాకు ఆ పిలుపు రాలేదు," అంటుంది అర్పిత.

"పిలుపు నీకు రాకపోతే ఏం, మాట నేనిచ్చాగా!" అంటుంది తల్లి.

తండ్రి జోజప్ప ఉమ్ సలాల్‌లో ఒక తోటల కంపెనీలో అకౌంటెంటు. ఆయన్ని అడిగితే, "ఆ ఇద్దరి మధ్య నన్ను పెట్టకండి అక్కగారూ," అని చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు.

నాకు శౌరమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. పిల్ల బతుకేమన్నా కొబ్బరికాయా, కొట్టేయడానికి? అదే అడిగేశాను. ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది. "మాట తప్పితే ఆ తల్లి నా బిడ్డని వెనక్కి తీసేసుకుంటుందేమో వదినా. దానికి తలనొప్పి అన్నా నా గుండె ఆగిపోతుంది," అంది. నా కోపం అక్కడే చల్లారింది. ఆవిడది మొండితనం అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది భయం.

వాళ్ళ చర్చి మెసైమీర్‌లో ఉంది. ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి వాళ్ళ పూజా ఆ రోజే. అది అయ్యాక ఫాదర్ ఇన్నాసి గారు హాల్లో తెలుగువాళ్ళకి ఒక తరగతి నడిపేవారు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట యూరప్ మఠాల్లో గురువులు ధర్మసందేహాలు తేల్చుకున్న పద్ధతిని నేర్పేవారు. అందులో ఒక నియమం ఉంది. మన వాదం మొదలుపెట్టేముందు ఎదుటివాడి వాదాన్ని మనమే చెప్పాలి. అదీ ఎంత బాగా చెప్పాలంటే, వాడు లేచి "ఔను, నా మాట ఇదే" అని ఒప్పుకోవాలి. అప్పుడుగాని జవాబు చెప్పే హక్కు రాదు. మన టీవీ చర్చల వాళ్ళని ఓ వారం అక్కడ కూర్చోబెట్టాలనిపించింది నాకు.

అర్పిత ఆ తరగతిలో తన ప్రశ్న పెట్టింది. ఒకరు మొక్కిన మొక్కు ఇంకొకరిని కట్టేస్తుందా? "ఇక్కడ నాకు న్యాయం దొరక్కపోతే నోరు మూసుకుని జూన్‌లో మఠానికి వెళ్తాను," అని తల్లికి మాట ఇచ్చింది. శౌరమ్మ వెంటనే ఒప్పుకుంది. ఫాదర్లు తన పక్షమే అని ఆవిడ ధీమా. నన్ను కూడా తోడు తీసుకెళ్ళింది.

మొదట అర్పిత లేచి తల్లి వాదం చెప్పింది.

"ఆ రోజు మా అమ్మ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఉన్నవాటిల్లో అన్నిటికన్నా ఇష్టమైంది నేనే. నేనంటే ఇష్టం లేక ఇవ్వలేదు, నాకంటే ఇష్టమైంది లేక ఇచ్చింది. మనిషికిచ్చిన మాటే తప్పకూడదు, దేవుడికిచ్చింది ఎలా తప్పుతాం? ఆ మాట వల్లే నేను బతికుంటే, నా బతుకు మీద ఆ మాటకి హక్కు లేదా?"

శౌరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఔను ఫాదర్, నా మాట ఇదే. నాకే ఇంత బాగా చెప్పడం రాలేదు," అంది.

పిల్ల తన గొయ్యి తనే తవ్వుకుందిరా భగవంతుడా అనుకున్నాను.

తర్వాత శౌరమ్మ వంతు. ఇప్పుడు ఆవిడ కూతురి పక్షం చెప్పాలి. లేచి జడ ముందుకు వేసుకుంది. గొంతు సవరించుకుంది.

"దీనికి పిలుపు రాలేదంట. పిలవని పేరంటానికి పోతే ఏం గౌరవం, అంటది ఇది."

"ఇంకా?" అన్నారు ఫాదర్.

"ఇంకా... మొక్కంటే మనది మనం ఇచ్చుకోడం. వేరేవాళ్ళది ఇస్తే మొక్కెట్లా అవుద్ది? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు..."

అక్కడ ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. కూతురి వైపు తిరిగి, దాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"నువ్వు నా సొమ్మనుకున్నానే పిల్లా. కాదుగా. నువ్వు మొదట్నుంచీ ఆ తల్లి బిడ్డవే. ఆవిడది ఆవిడకి నేనిచ్చేదేంటి?"

"ఔనమ్మా, నా మాట ఇదే," అంటూ అర్పిత వెళ్ళి తల్లిని చుట్టేసుకుంది. నేను కూడా ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

ఆఖర్న ఫాదర్ గారు జవాబు చెప్పారు. "మాట ఇచ్చేవాడు తాను చేయగలిగినదానికే మాట ఇవ్వగలడు. ఇంకొకరి మనసు మన చేతిలో లేదు. పెళ్ళి, సన్యాసం, ఈ రెండింటిలో పిల్లలు తల్లిదండ్రులకు లోబడనక్కర్లేదని ఆనాటి ఒక గొప్ప గురువు తేల్చాడు. ఆయన్ని కూడా చిన్నప్పుడు అమ్మానాన్నలే ఒక మఠంలో అప్పగించారు. పెద్దయ్యాక ఆయన వేరే మఠం ఎంచుకుంటే, సొంత అన్నలే పట్టుకొచ్చి గదిలో బంధించారు. అంత అనుభవించిన మనిషి చెప్పిన మాట ఇది. మీ మొక్కు మొదట్నుంచీ చెల్లదు శౌరమ్మ గారూ. మాత ఎవర్నీ వెనక్కి తీసుకోదు. భయపడకండి."

అక్కడితో ఊరుకుంటే ఆవిడ శౌరమ్మ ఎందుకవుతుంది?

"బిడ్డ అయితే బతికింది కదా ఫాదర్. ఆ రుణం నాకుందా లేదా?"

"కృతజ్ఞత ఉండాల్సిందే. మీదైనది ఏదైనా, మీకు ఇష్టమైతే ఇవ్వండి."

"నాదైంది," అంది శౌరమ్మ. ఆవిడ చెయ్యి జడ మీదికి వెళ్ళింది.

జూన్‌లో అర్పిత మఠానికి వెళ్ళలేదు, ప్లాంటులో చేరింది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు శౌరమ్మ ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చేటప్పటికి విగ్గు కొందామా, స్కార్ఫు చాలా అని నేనిక్కడ తెగ ఆలోచించాను. ఓ సాయంత్రం మా లిఫ్టు తలుపు తెరుచుకుంది. నున్నటి గుండుతో, మొహం నిండా నవ్వుతో దిగింది శౌరమ్మ. మెడ నిటారుగా ఉంది. అంత అందంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు.

"థియేటర్లో ఇంక ఒక్క టోపీ చాలు వదినా!" అంది.

ఆ శుక్రవారం నేను కూడా చర్చికి వెళ్ళాను, ఆవిడని చూసి ఎవరు ఏమంటారో విందామని, ఏమన్నా అంటే నాలుగు తగిలిద్దామని. నాకా అవసరమే రాలేదు. శౌరమ్మ స్కార్ఫు లేకుండా నడిమధ్య దారిలోంచి నడిచి ముందు వరసలో కూర్చుంది. వెనక ఆడవాళ్ళు గుసగుసలాడారు, కాసేపటికి వాళ్ళే లేచొచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నారు. అర్పిత డ్యూటీ నుంచి నేరుగా కంపెనీ యూనిఫాంలోనే వచ్చింది, నుదుటి మీద హెల్మెట్ అచ్చు ఇంకా పోలేదు. తల్లి పక్కన కూర్చుని ఆ గుండు మీద అరచెయ్యి పెట్టింది.

"నీ ఆస్తంతా ఇచ్చేశావా అమ్మా?"

"ఇచ్చేశా," అంది శౌరమ్మ, చర్చంతా వినపడేట్టు. "ఈసారి ఎవరి సొమ్మో కాదు. నా సొమ్మే ఇచ్చా."