పతంగి కాగితం పలికిన డబ్బా

సంగీతానికి నేను చేసిన మొదటి సేవ పాడటం మానేయడం. రెండోది 2023లో, నాచారంలోని నా రిపేరు దుకాణంలో ఒక యాంప్లిఫయర్‌ను బాగుచేయడం. ఎనిమిదో తరగతిలోనే నాకూ బడికీ పడక విడిపోయాం. గిటార్ శబ్దాన్ని పెంచే ఈ డబ్బాలే అప్పటినుంచి నా పుస్తకాలు.

ఆ యాంప్లిఫయర్‌ను తెచ్చింది ఉప్పల్‌లో గిటార్ నేర్పే కావ్య. వెనకే డబ్బా యజమాని యాదగిరన్న, ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. వయసులో ఉండగా తోటి కార్మికులతో ‘లంచ్‌బెల్’ అనే బ్యాండ్ పెట్టాడు. పాడేవాడు లేడు, గిటార్లూ డ్రమ్సే. మా వైపు అలాంటి రాక్ వాయించింది వాళ్లే మొదలు. ఆ బాణీలను ఇప్పటి గిటారిస్టులు తలా ఒకటి వాయించి, వాళ్ల గౌరవార్థం ఆల్బమ్ చేస్తున్నారు. చివరి బాణీ యాదగిరన్నే వాయించాలని కావ్య పట్టు. ఆయన షరతు ఒక్కటే.

“ఈ డబ్బా మళ్ల గట్లనే పలికితే వాయిస్త. లేకుంటె ఊకో బిడ్డా.”

విప్పి చూశాను. స్పీకర్ కోన్, అంటే ఊగి శబ్దం పుట్టించే కాగితపు గరాటు, అతుకులమయం. దాని వెనకుండే రాగితీగ చుట్ట, అదే కాయిల్, కాలిపోయింది. కొత్త స్పీకర్ బిగించాను. యాదగిరన్న రెండు తీగలు మీటి గిటార్ పక్కన పెట్టేశాడు.

“ఎట్లున్నదన్నా?”

“మస్తు సాఫుగున్నది, దవాఖానాల వార్డు లెక్క. మాది గిట్ల లేకుండె.”

చెప్పులు వేసుకుంటున్నాడు. కావ్య మొహం చూడలేకపోయాను. తీసేసిన సామాను గిరాకీకే తిరిగివ్వడం మా పనిలో ఆచారం. నిజంగానే మార్చామని నమ్మాలి కదా. పాత కోన్ ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలితో అతుకులు తడుముతూ నిలబడిపోయాడు.

“పతంగి కాగితం ఇది. గణేశ్ మండపంల వానకు తడిసి చినిగితే, మా నర్సింగ్ మైదా ఉడకబెట్టి అంటిచ్చిండు. ఆ దినం సంది జుర్రుమనుడు షురూ జేసింది. జనం గదే మస్తున్నదన్నరు.”

నర్సింగ్ ఆయన జోడీ గిటారిస్టు. ఇప్పుడు లేడు.

కావ్య నెత్తి కొట్టుకుంది. “మీ పాత క్యాసెట్లో ఆ సౌండ్ విని, అది రావాలని మేం కొనని మెషిన్ లేదు తాతా!”

ఇంకేముంది, పాత కోన్‌కే కొత్త కాయిల్ బిగించాను. కావ్య పతంగి కాగితం తెచ్చింది. దుకాణం ముందున్న చాయ్ బండి పొయ్యి మీద మైదా ఉడికించి, ఊడుతున్న అతుకులకు ధారాళంగా పట్టించాను.

“అతుకేస్తున్నవా, దోశ వోస్తున్నవా? జర పల్చగ పుయ్యి!” యాదగిరన్న నా చేతిలోని బ్రష్ లాక్కున్నాడు.

ఎండలో ఆరాక మీటాడు. కందిరీగకు కోపమొచ్చినట్టు జుర్రుమంది, కానీ శ్రుతిలో. కళ్లు మూసుకుని వాయిస్తూ, నర్సింగ్ వంతు రాగానే ఆగి పక్కకు చూశాడు. కావ్య గిటార్ అందుకుని ఆ వంతు వాయించింది. ఆయన నవ్వు చూస్తూ చాయ్ బండాయన పాలు పొంగబెట్టుకున్నాడు.

ఆ వారమే యాదగిరన్న బాణీ రికార్డయింది. అప్పటినుంచి ఏ డబ్బా వచ్చినా విప్పకముందే అడుగుతున్నాను: “ఇందుల ఏది పోగొట్టొద్దు?”

ఆల్బమ్ అట్ట మీద నా పేరూ వేశారు. దాంతో ఆశ పుట్టింది. “అన్నా, ఇంకోటి చేస్తే నేనో పాట పాడనా?” అని రాగం తీసి కూడా వినిపించాను.

యాదగిరన్న చెవిలో వేలు పెట్టుకున్నాడు. “మా బ్యాండ్ల పాట ఎందుకు బందు వెట్టినమనుకున్నవ్? మొదటి ప్రోగ్రాంల నీ అసొంటోడే ఒకడు పాడిండు.”