తవుడిచ్చి కొన్న పిల్ల

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, నేను మా ఇంటి పిల్లను కానని తేల్చేసుకున్నాను. వాషర్‌మెన్‌పేట్‌లో బట్టల కొట్టు ముందు, ఇల్లు వెనక. టెరికాటన్ గుడ్డ కొత్తగా వస్తున్న రోజులవి. అమ్మ, నాన్న, అన్న, అవ్వ అందరివీ నల్లటి కళ్ళు. నావి మాత్రం తేనెరంగు పిల్లికళ్ళు. పైగా నాన్నను కన్న మా అవ్వ నన్ను ముద్దుచేస్తూ, “దీన్ని తవుడిచ్చి కొన్నాం” అనేది.

ఆ మాట మనసుకు పట్టాక నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. అద్దం ముందుకు, వీధిలోకి, మళ్ళీ అద్దం ముందుకు. కొట్టుకొచ్చే ప్రతి ఆడమనిషి కళ్ళలోకీ తొంగిచూసేదాన్ని, నన్ను అమ్మింది ఈమేనేమోనని. అన్నం సయించేది కాదు. అమ్మను అడుగుదామంటే, అవునంటుందేమోనని భయం.

పక్కింటి అక్క కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. ఒక మధ్యాహ్నం వాళ్ళ మెట్ల మీద ఏడుస్తూ ఆమెకు దొరికిపోయాను. సంగతంతా విని కూడా నవ్వలేదు. ఆమె మీద నాకు ఇప్పటికీ ఉన్న ఇష్టమంతా అందుకే. మా కొట్లోంచి నల్లవి, తేనెరంగువి గుడ్డముక్కలు తెమ్మంది. నాలుగు లంగా నాడాలు తీసి, రెండు అమ్మవి, రెండు నాన్నవి అని పరిచింది. అవి క్రోమోజోములట. ఒక్కో నాడా మీద సరిగ్గా ఒకే చోట ఒక్కో ముక్క గుచ్చింది. అమ్మ జతలో ఒక నల్లది, ఒక తేనెది. నాన్న జతలోనూ అంతే. ఒకే చోట కూర్చునే ఈ వేరువేరు ముక్కలను యుగ్మవికల్పాలంటారని చెప్పింది.

“తేనెదాని మీద నల్లది పెట్టు. ఏది కనపడతా ఉండాది?”

“నల్లదే.”

“తేనెది పోయిందా?”

“కింద ఉండాదిగా.”

“సరి. బిడ్డకు అమ్మ ఒక నాడా, నాన్న ఒక నాడా ఇస్తారు. ఏది పోతాదో వాళ్ళకే తెలీదు. ఇద్దరిదీ తేనెదే వచ్చిందనుకో?”

నా చేతిలో రెండూ తేనె ముక్కలే పడ్డాయి. కళ్ళ రంగు ఇంతకన్నా చాలా చిక్కైనదని తర్వాతెప్పుడో చదివాను. ఆ పూటకు ఆ రెండు ముక్కలే నాకు ప్రాణం. అక్క మాత్రం అబద్ధమాడలేదు. “ఇట్టా అయ్యుండొచ్చు అంటున్నా, అంతే. మీ వాళ్ళల్లో ఎవురికన్నా ఈ కళ్ళు ఉండాయేమో పోయి అడుగు” అంది.

పరుగున పోయి, చేటలో బియ్యం ఏరుకుంటున్న అవ్వను అడిగేశాను. ఆమె చేట పక్కన పెట్టింది.

“మా అమ్మవి ఇవే కళ్ళు. నువ్వు పుట్టినప్పుడు చూసి గుండె ఝల్లుమనింది. చెప్తే దిష్టి తగలతాదని నోరు తెరవలా” అంది.

తవుడు సంగతీ అప్పుడే చెప్పింది. అన్న తర్వాత పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కలేదట. అందుకని నన్ను పుట్టగానే చేటలో పెట్టి పక్కింటి వాళ్ళకిచ్చేసి, శేరు తవుడు పోసి మళ్ళీ తెచ్చుకున్నారట. కొనుక్కున్న బిడ్డ జోలికి ఏ చెడూ రాదని మావాళ్ళ నమ్మకం. నన్ను దూరం చేసిందనుకున్న మాట వెనక ఉన్నది, నేను బతకాలని చేసిన పని. అవ్వ ఒళ్ళో పడి ఏడ్చాను.

అమ్మ వైపు ఆ తేనె ముక్క ఎవరిదో ఈనాటికీ తెలియదు. పెళ్ళిళ్ళలో ఆ వైపు ముసలివాళ్ళ కళ్ళలోకి ఇంకా తొంగిచూస్తూనే ఉంటాను. నాకు నిలకడ రాదు.

నా పిల్లలిద్దరివీ వాళ్ళ నాన్న నల్లకళ్ళు. నా పోలిక ఒక్కటీ రాలేదని చుట్టాలు అంటుంటే నవ్వి ఊరుకుంటాను. ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది తేనె ముక్కే. ఇద్దరికీ ఇచ్చాను. నల్లదాని కింద ఉంది.