రెండు నొక్కాను

కారు కొన్న రోజు షోరూములో అమ్మాయి మా ఆయనకు ఓపిగ్గా వివరించింది. "ఎక్కడైనా గుద్దుకుంటే కారే ముందు మీ ఇంటికి ఫోన్ చేస్తుంది సార్. సాయం కావాలంటే ఒకటి, అక్కర్లేదంటే రెండు నొక్కాలి. ఎవరూ ఎత్తకపోతే తనే అంబులెన్సును పిలిచేస్తుంది." ఆయన నా నంబరు ఇచ్చాడు.

"నాకేమన్నా అయితే ముందు నీకే తెలుస్తదిలే" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. కొత్త కారు ముందు నిలబడి అనే మాటా అది?

అది ఎన్నికల ఏడాది. రోజుకు నాలుగైదు సర్వే ఫోన్లు. అన్నిట్లోనూ రికార్డు చేసిన ఆడగొంతే. ఎమ్మెల్యే పనితీరు బాగుంటే ఒకటి, బాగా లేకపోతే రెండు. నేను కట్ చేస్తుంటే ఆయనే నేర్పాడు.

"కట్ చేస్తే మళ్ళా చేస్తారే. ఎత్తంగానే రెండు నొక్కి పడెయ్. ఎట్టాగూ వాడు మనోడు కాదుగా."

చానా రోజులు అలాగే చేశాను.

ఆ మధ్యాహ్నం పెరట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. చేతులు భగభగ మండుతున్నాయి. ఫోను మోగింది. "నమస్కారం" అంది ఆడగొంతు. తర్వాతేం చెప్పిందో నేను వినలేదు. వేలు చీరకు తుడుచుకుని రెండు నొక్కాను. పీడా పోయిందనుకుని మళ్ళీ కాయల ముందు కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే కారంపూడి దాటాక ఆయన కారు కల్వర్టును గుద్దుకుని పల్లంలో పడింది. పైన రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు కనపడలేదు. గంటన్నర తర్వాత గొర్రెలు తోలుకెళ్తున్న ఒకాయన చూసి అంబులెన్సుకు చెప్పాడు. నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు "ఒక్క గంట ముందు తెచ్చుంటే" అని ఆగిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ ఫోను. గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాను. అందరూ మొగుడు పోయిన దుఃఖం అనుకున్నారు.

పెద్దకర్మ అయ్యేదాకా నోరు విప్పలేదు. ఎట్లా చెప్పను? అత్త రోజూ ఆ కారును శపించేది. కారు ఎవరికీ ఫోన్ చెయ్యలేదని, కేసు వేస్తానని మా మరిది కంపెనీకి ఉత్తరం రాశాడు. జవాబు వస్తే వసారాలో అందరి ముందూ పైకి చదివాడు. ఫోన్ చేశామని, ఇంట్లోవాళ్ళు ఎత్తి సాయం అక్కర్లేదని రెండు నొక్కారని ఉంది అందులో.

"దొంగ నాయాళ్ళు! మా వదిన మీదకు నెడతన్నారు చూడు. కోర్టులో తేల్చుకుంటా" అన్నాడు.

"నేనే నొక్కా" అన్నాను. "సర్వే అనుకున్నా."

మరిది కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ మాట ఇంకెక్కడా అనమాక వదినా" అని లేచి వెళ్ళిపోయాడు. అత్త వంటింట్లోకి పోయి, కంచంలో అన్నం పెట్టుకొచ్చి నా ముందుంచింది. తిట్టలేదు, ఏడవలేదు. ఒక్క మాటన్నా అంటుందని ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాను. అనదు.