రాట్నం మీంచి కనబడని ముత్యాలమ్మ

పామేడు అవతలి పల్లె నుంచి ఏటా దసరాకు ముత్యాలమ్మను తీసుకొని జగదల్‌పూర్ వచ్చేవాడు లచ్చు. ముత్యాలమ్మంటే విగ్రహం కాదు. మనిషికన్నా మూరెడు పొడవున్న వెదురు కర్ర, దానికి ఎర్ర గుడ్డ, కొసన నెమలి ఈకలు, రెండు గంటలు. రాజుల కాలం పోయినా దసరాకు దేవతలను పిలిచే ఆచారం పోలేదు. రాజు బదులు తహసీల్దారు కబురు పెడతాడు, అంతే తేడా. మూడు రోజులు అడవిలో నడిచి, బీజాపూర్‌లో బస్సెక్కి, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా అమ్మను నిటారుగా పట్టుకొని దిగేవాడు. ఆమెను దారిలో నేలకు ఆనించకూడదు. వేరే గట్టు మనిషి చేతికి ఇవ్వకూడదు. గట్టంటే వాళ్ళలో వంశం, పేరుకు బదులు అంకెతో పిలుస్తారు. ఒకే గట్టు వాళ్ళు అన్నదమ్ములు, వేరే గట్టు వాళ్ళు వియ్యానికి పనికొస్తారు. వియ్యంకుల చేతిలో పడితే అమ్మ వాళ్ళింటికే పోతుందని నమ్మకం.

జగదల్‌పూర్‌లో మా ఆయన శ్రీరంగం నడిపే గుడ్డల కొట్టులోనే లచ్చు అమ్మకు ఏటా కొత్త గుడ్డ తీసుకొనేవాడు. అలా పరిచయం. దొర్లి, హల్బీ, హిందీ, మా తెలుగు, నాలుగూ వచ్చు. నాలుగింటిలోనూ పొదుపుగానే మాట్లాడేవాడు. ముప్పై ఏళ్ళ మనిషికి అమ్మ విషయంలో అంత భయం ఎందుకని నేను ఏడిపించేదాన్ని. వాళ్ళ నాన్న పోయేముందు ఒకే మాట చెప్పాడట, అమ్మ లేకుండా ఊళ్ళో అడుగు పెట్టొద్దని.

డెబ్బై తొమ్మిది దసరాకు మైదానంలో పెట్టిన మీనా బజార్‌లో పెద్ద రంగులరాట్నం వచ్చింది. లచ్చు దాని ముందు ఆగి నోరు తెరుచుకొని చూస్తున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఊరికే ఉండొచ్చు కదా. ఉండను. ఎక్కమన్నాను. అమ్మను ఎవరు పట్టుకుంటారన్నాడు. అప్పుడు కోంటా వైపు నుంచి దేవతను తెచ్చిన గుంపులో ఒకతన్ని పిలిచి, తనకు తెలిసిన పరీక్ష ఒక్కటీ పెట్టాడు.

"ఏ గట్టు?"

"ఐదో గట్టు. బిజ్జా నా పేరు."

"నేను కూడ ఐదే," అని కర్ర అతని చేతిలో పెట్టేశాడు. ఊరు అడగలేదు. గట్టు కలిస్తే అన్నే, అన్న దగ్గర అమ్మ ఉండొచ్చు. నాకూ అందులో తప్పేమీ కనబడలేదు. ఇద్దరం ఎక్కాం.

మొదటి చుట్టు లచ్చు నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను అప్పుడే చూశాను. రెండో చుట్టులో పైకి వెళ్ళగానే కిందకు చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు. బిజ్జా నిలబడ్డ చోట ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే డోళ్ళు మోగాయి. మైదానంలో ఉన్న కర్రలన్నీ రాజమహల్ వైపు కదిలాయి. వంద ఎర్ర గుడ్డలు, వంద నెమలి ఈకల కుచ్చులు. అందులో ఏది ముత్యాలమ్మ? ఆపమని ఇద్దరం అరిచాం. రాట్నం వాడు మేం సరదాకు అరుస్తున్నామనుకొని చెయ్యి ఊపాడు. ఇంకా నాలుగు చుట్లు తిప్పాడు.

"అక్కా, నేనిగ ఊరికి పోలేను," అన్నాడు లచ్చు.

దిగీ దిగగానే ఊరేగింపు వెనక పరుగెత్తాం. ప్రతి కర్ర దగ్గరకూ పోయి గంటలు చూశాడు. పచ్చ గుడ్డ, మూడు గంటలు ఉన్న ఒక కర్రను పక్కకు తోసేసినంత పని చేశాడు, దాని మనుషులు తిట్టారు. బిజ్జా దొంగ అన్నాడు, గట్టు అబద్ధం చెప్పాడన్నాడు. నేనూ ఔనన్నాను. నా భయం నాది. రేపో మాపో లచ్చు ఊరి పెద్దలు మా కొట్టు ముందు నిలబడి, ఎక్కమన్నది ఈవిడే అంటే ఏం చెప్పను? గంటసేపు తిరిగాక, టికెట్లు ఇచ్చేవాడు ఏమైనా చూశాడేమో అడుగుదామని వెనక్కి వచ్చాం.

టికెట్ డేరా వెనక, బావిలో మోటార్ సైకిల్ తిప్పే ఆటకు కట్టిన బొమ్మల పరదా నీడలో ముత్యాలమ్మ ఉంది. రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకొని బిజ్జా ఉన్నాడు. అమ్మకు ఎండ తగులుతోందని పది అడుగులు పక్కకు జరిగాడట. పై నుంచి చూస్తే ఆ పరదా అడ్డం. డోళ్ళు మోగినప్పుడు వాళ్ళ గుంపు పిలిచింది. పరాయి అమ్మను వదిలి పోలేక, మోసుకొని పోనూలేక అక్కడే ఆగిపోయాడు. పెదవులు తెల్లబడ్డాయి. లచ్చును చూసి తిట్టలేదు, కర్ర తీసుకోమనీ అనలేదు.

"మా అమ్మ ఎటు పోయింది? మీరేమన్న చూసిన్రా?" అని అడిగాడు.

గంట నుంచి లచ్చు మోసిన భయమే అవతలివాడి ముఖంలో ఉంది, పెట్టింది తనే.

"మీ అమ్మకు ఏ గుడ్డ కట్టిన్రు?" అని అడిగాడు లచ్చు.

"పచ్చది. మూడు గంటలు."

చెయ్యి చాస్తే ముత్యాలమ్మ అందేది. లచ్చు చాచలేదు. బిజ్జా కాళ్ళు బిగుసుకుపోయాయి, అడుగు వేసే స్థితిలో లేడు. ఆ కర్రలు మహల్ గుమ్మం దాటితే ఇక కనుక్కోవడం కష్టం.

"నేను చూసిన. వాళ్ళను ఆపుతా. ఇంకొంచెం సేపు పట్టుకో, అన్నా," అని జనంలోకి పరుగెత్తాడు.

నేను బిజ్జా పక్కన మిగిలాను. అతని చేతులు సడలుతున్నట్టుగా ఉన్నాయి. ఆడదాన్ని, ఆ గట్టూ కాను, కర్రను ముట్టకూడదు. అయినా కర్ర జారితే నేలకు తగలకుండా కింద రెండు అరచేతులు పట్టి, లచ్చు వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.